సారా జేన్ ఎవరికి భయపడింది?

(కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో తెలుగు యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగం)



ఈ సాయంత్రం ఒక సినిమా గురించి మాట్లాడతామని చెప్పినప్పుడు కొందరు పెద్దలు నవ్వారు, కొందరు నొచ్చుకున్నారు. విశ్వాసులు సినిమాకు పోకూడదన్న మాట వింటూ పెరిగినవాళ్లమే మనలో చాలామందిమి. కానీ ఈ ఊరిలో సినిమాకు పునాది వేసినవాడు ఒక క్రైస్తవుడే. ఆయన పేరు సామికన్ను విన్సెంట్. తిరుచ్చిలో రైల్వేలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తుండగా, 1905లో డ్యూపాంట్ అనే ఫ్రెంచి ఆయన దగ్గర బొమ్మలు చూపే యంత్రాన్నీ కొన్ని రీళ్లనూ కొన్నాడు. ఆ రీళ్లలో యేసు ప్రభువు జీవితం కూడా ఉంది. ఊరూరా డేరా వేసి జనానికి చూపించాడు. తర్వాత 1914లో ఇక్కడే వెరైటీ హాల్ కట్టాడు. ఆ వీధిని నేటికీ వెరైటీ హాల్ రోడ్డు అనే పిలుస్తున్నాం. కాబట్టి ఈ ఊళ్లో తెర మీది కథను వాక్యపు వెలుగులో చూడటం కొత్త సంగతేమీ కాదు.

పోయిన శనివారం మేం కొందరం కలిసి 'ఇమిటేషన్ ఆఫ్ లైఫ్' చూశాం. 1959లో వచ్చిన హాలీవుడ్ చిత్రం. దర్శకుడు డగ్లస్ సర్క్. ఫానీ హర్స్ట్ 1933లో రాసిన నవల దీనికి ఆధారం. 1934లోనూ ఒకసారి ఈ కథ సినిమాగా వచ్చింది.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాం. లోరా అనే తెల్లజాతి స్త్రీ, భర్త చనిపోయింది, నటి కావాలని ఆశ. ఆ పాత్ర వేసింది లానా టర్నర్. 1947లో న్యూయార్క్ దగ్గర సముద్రతీరంలో తప్పిపోయిన తన కూతురిని వెతుక్కుంటూ ఆమె ఆనీ అనే నల్లజాతి స్త్రీని కలుస్తుంది. ఆనీకి తలదాచుకునే చోటు లేదు. ఆమెకూ ఒక కూతురు ఉంది, సారా జేన్. తండ్రి పోలికతో తెల్లగా పుట్టిన పిల్ల. తల్లీకూతుళ్లు లోరా ఇంట్లో చేరతారు. ఆనీ ఇంటి పనంతా చేస్తుంది. లోరా పెద్ద నటి అవుతుంది.

సారా జేన్ బడిలో తెల్లపిల్లగా చెలామణి అవుతుంది. ఒకరోజు వాతావరణం బాగోలేదని తల్లి బూట్లు పట్టుకుని తరగతి గుమ్మంలో నిలబడుతుంది. గుట్టు బయటపడింది. పిల్ల సిగ్గుతో బయటికి పరుగు తీస్తుంది. పెద్దయ్యాక ఇల్లు విడిచి, పేరు మార్చుకుని, క్లబ్బుల్లో ఆడి పాడి బతుకుతుంది. తల్లి వెతుక్కుంటూ వెళ్తే, పక్కన ఉన్న స్నేహితురాలికి అనుమానం రాకుండా, చిన్నప్పుడు ఈమెను పెంచిన ఆయాను నేను అని ఆనీయే చెప్పుకుంటుంది. కన్నతల్లి కూతురి కోసం ఆయా అయిపోయి వెనక్కి వస్తుంది.

అక్కడ మన పిల్లలకు కోపం వచ్చింది. "కన్నతల్లిని కాదంటుందా?" అన్నారు. అప్పుడు ఒక చెల్లెలు అడిగింది, "మరి నిజం చెబితే ఏమయ్యేది?" అందరం ఊరుకున్నాం, ఎందుకంటే జవాబు అంతకుముందే చూశాం. ఆమెను ప్రేమించానన్న తెల్ల కుర్రాడికి తల్లి ఎవరో తెలుస్తుంది. సందులో నిలబెట్టి ఆమెను చావగొడతాడు. నిజానికి ఆ లోకం కట్టిన వెల అది.

సారా జేన్ ఎందుకు దాచింది అని అడిగితే తప్పు ఆమె మీదికి పోతుంది. ఎవరికి భయపడి దాచింది అని అడగాలి. అలా అడిగితే, భయపెట్టినవాళ్లు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

1934 చిత్రంలో ఆ కూతురి పాత్ర వేసిన ఫ్రెడీ వాషింగ్టన్ నిజంగానే నల్లజాతి స్త్రీ. చూడటానికి తెల్లజాతి మనిషిలాగే ఉండేది. అలా చెప్పుకుని బతకడానికి ఆమె ఒప్పుకోలేదు. 1937లో నల్లజాతి నటుల సంఘాన్ని స్థాపించినవారిలో ఆమె ఒకరు. తెరమీద దాచుకునే పాత్ర వేసిన మనిషి బయట దాచుకోలేదు. అయితే 1959 నాటికి ఆ పాత్ర సూసన్ కోనర్‌కు వెళ్లింది. ఆమె తల్లి మెక్సికో నటి. ఆమె బాగానే నటించింది, ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. కానీ ఆలోచించండి. కథ నల్లజాతి పిల్లది, అవకాశం మాత్రం వేరే ఇంటి పిల్లది.

ఇదంతా అమెరికా గొడవ కదా అనుకోవద్దు. మన పక్కనే, పాలక్కాడు కనుమ దాటితే కేరళ. మలయాళ సినిమా మొట్టమొదటి నాయిక పి.కె. రోసీ దళిత స్త్రీ. 'విగతకుమారన్' అనే మూకీ చిత్రంలో జె.సి. డేనియల్ ఆమెకు నాయరు స్త్రీ పాత్ర ఇచ్చాడు. తిరువనంతపురంలోని క్యాపిటల్ థియేటర్లో చిత్రం ఆడినప్పుడు అగ్రకులాల వాళ్లు భగ్గుమన్నారు, తెర మీద రాళ్లు వేశారు. దళిత స్త్రీ నటనలో కూడా నాయరు స్త్రీ కాకూడదట! రోసీ ప్రాణభయంతో లారీలో ఊరు దాటి తమిళ ప్రాంతానికి వచ్చేసింది. ఒక డ్రైవరును పెళ్లి చేసుకుని, నాగర్‌కోయిల్‌లో రాజమ్మాళ్‌గా మిగతా బతుకంతా గడిపింది. మళ్లీ తెరమీద కనిపించలేదు. ఆ చిత్రం ప్రతి ఒక్కటీ మిగల్లేదు. 2023 ఫిబ్రవరి 10న గూగుల్ తన మొదటి పేజీలో ఆమె బొమ్మ వేస్తే, మనలో చాలామంది ఆ పేరు మొదటిసారి విన్నాం. సారా జేన్ కల్పిత పాత్ర. రోసీ నిజంగా బతికిన మనిషి.

ఇప్పుడు మన వీధిలోకి వద్దాం.

కోయంబత్తూరులో తెలుగు వందల ఏళ్లుగా ఉంది. మిల్లులు పెట్టిన నాయుళ్ల ఇళ్లలో తెలుగు ఉంది. జి.డి. నాయుడు పేరు చెబితే మనందరికీ గర్వమే. మగ్గాలు నేసిన దేవాంగుల ఇళ్లలో తెలుగు ఉంది. తెల్లవారకముందే లేచి ఈ డి.బి. రోడ్డు ఊడ్చి, మురుగు తీసే అరుంధతీయుల ఇళ్లలో కూడా ఉన్నది తెలుగే. భాష ఒకటే. ఒక గడపలో అది వంశగౌరవం. ఇంకో కాలనీలో అది దాచుకోవాల్సిన ఆనవాలు. మన కూడికకు వచ్చే ఒక తమ్ముడు ఆ శనివారం రాత్రి చెప్పాడు: కాలేజీలో అమ్మ ఫోన్ చేస్తే బయటికి వెళ్లి మాట్లాడతాడట, లేకపోతే తమిళంలో జవాబిస్తాడట. తెలుగు మాట వినబడితే ఏ వీధి, ఏ పని, ఏ కులం అని తర్వాతి ప్రశ్నలు వస్తాయట. అమ్మకు మాత్రం తమిళం అంత బాగా రాదు.

ఆ మాట విన్నప్పుడు మాకు ప్రధానయాజకుని ముంగిట చలి కాచుకుంటున్న పేతురు గుర్తొచ్చాడు. ఆయన్ను పట్టించింది ఆయన యాసే. గలిలయవాడివని మాటను బట్టి తెలిసిపోతోందన్నారు. పేతురు భయపడి బొంకాడు. ప్రభువు ఆయన్ను వదిలేయలేదు. లేచిన తర్వాత సముద్రతీరాన నిప్పులు సిద్ధం చేసి, రొట్టె, చేప పెట్టి, ఆ తర్వాతే ప్రశ్న అడిగాడు. ముందు భోజనం, తర్వాత ప్రశ్న. మనం దీన్ని తలకిందులు చేశాం. ముందు ఇంటిపేరు అడుగుతాం, ఆ తర్వాతే భోజనానికి పిలుస్తాం.

మోషే తల్లి సంగతి కూడా చూడండి. కన్నబిడ్డకు పాలివ్వడానికి రాజకుమార్తె దగ్గర జీతం తీసుకున్న దాది ఆమె. ఆనీ చేసింది కూడా అదే కదా? యోకెబెదు అబద్ధీకురాలని మనం ఎన్నడూ ప్రసంగించలేదు. పిల్లల్ని నీళ్లలో పారేయమన్న ఫరోనే తప్పుపట్టాం.

ఎస్తేరు అంతఃపురంలో తన జనమేదో చెప్పలేదు. చెప్పవద్దన్నది మొర్దెకై. కానీ జనమంతటికీ చావు ముంచుకొచ్చినప్పుడు చెప్పాల్సి వచ్చింది. అప్పుడామె ఏమడిగింది? నా కోసం మీరందరూ మూడు రోజులు ఉపవాసముండండి, నేనూ ఉంటానంది. ఆ తర్వాతే రాజు ముందు నిలబడింది. నిజం చెప్పమని ఒక మనిషిని అడిగే ముందు, ఆ మనిషి వెనుక సంఘమంతా నిలబడాలి. ఆమె ఒక్కతినే పంపి మనం ఇంట్లో కూర్చుంటే దాన్ని సాక్ష్యమని పిలవకూడదు.

ఇక రెండు పేర్ల సంగతి. బాప్తిస్మపు పుస్తకంలో ఒక పేరు, బడి సర్టిఫికెట్లో ఇంకో పేరు ఉన్నవాళ్లు మనలో ఎందరో. కారణం అందరికీ తెలుసు. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లిములను చేర్చలేదు. తమిళనాడులో 2009 చట్టం ఎస్సీల 18 శాతంలో 3 శాతం అరుంధతీయులకు కేటాయించింది. అదే కాలనీలో, అదే చీపురు పట్టిన ఇంట్లో బాప్తిస్మం తీసుకున్నామని రాస్తే ఆ 3 శాతం పోతుంది, బీసీ జాబితాలోకి వెళ్లాలి. ఆంధ్రలో అయితే బీసీ-సి, 1 శాతం. అత్యాచారాల నిరోధక చట్టపు రక్షణ కూడా దూరమవుతుంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, క్రైస్తవ విశ్వాసంలో ఉంటూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని తీర్పు చెప్పింది.

అబద్ధం రాయమని మేం చెప్పడం లేదు. కానీ ఒక మాట అడగాలి. బాప్తిస్మం తీసుకున్న మర్నాడు ఆ మనిషి చేతిలోని చీపురు మారిందా? అతన్ని చూసే చూపు మారిందా? మారకపోతే, కాగితం మీద మాత్రం కులం ఎలా మాయమైంది? కులం క్రైస్తవంలో లేదని చట్టం అంటోంది. ఆ మాట నిజమని చట్టం ముందు రుజువు చేయగల స్థితిలో మన సంఘాలు ఉన్నాయా?

లేవు. కమ్మ క్రిస్టియన్, రెడ్డి క్రిస్టియన్ అని పెళ్లి ప్రకటనలు వేసుకునేది మనమే. ప్రభువు బల్ల దగ్గర ఒకే పాత్ర అంటాం, పెళ్లి మాటల దగ్గర వేరు వేరు గుమ్మాలు పెడతాం. సమాధుల తోటల్లో గోడలు కట్టిన సంఘాలు మన దేశంలో ఉన్నాయి. ఫరోను బయట వెతుకుతాం, కొన్నిసార్లు అతడు మన కమిటీలోనే కూర్చుని ఉంటాడు.

సినిమాలో ఒక చిన్న సంభాషణ మమ్మల్ని వదలడం లేదు. ఆనీకి చాలామంది స్నేహితులున్నారని, ఆమెకు తన సంఘం ఉందని తెలిసి లోరా ఆశ్చర్యపోతుంది. నువ్వెప్పుడూ అడగలేదు కదా అంటుంది ఆనీ, నెమ్మదిగా. ఏళ్ల తరబడి ఒకే కప్పు కింద ఉన్నారు. లోరా చెడ్డ మనిషి కాదు, మంచి మనిషే. ఎన్నడూ అడగలేదు, అంతే. మన ఇంట్లో పాత్రలు తోమే అక్క ఏ గుడికి వెళ్తుందో, ఆమె పిల్లలు ఏం చదువుతున్నారో మనలో ఎంతమందికి తెలుసు?

అందుకే ఆ రాత్రి మేం మూడు సంగతులు అనుకున్నాం. మీ ముందు పెడుతున్నాం. ఒకటి, కూడికకు కొత్తగా వచ్చినవారిని కులం పసిగట్టడానికి ఇంటిపేరు, సొంతూరు ఆరా తీయకూడదు. రెండు, వచ్చే నెల నుంచి కాలనీలో జరిగే తెలుగు ప్రార్థనకు ఇక్కడి వాళ్లం వెళ్లాలి. వాళ్లను ఇక్కడికి రమ్మనడం సులువు, మనం అక్కడ కింద కూర్చోవడమే కష్టం. మూడు, దళిత క్రైస్తవుల హోదా గురించి సంఘ పెద్దలు బాహాటంగా మాట్లాడాలి. రెండు పేర్లతో బతికే పిల్లల మీదే భారమంతా వేయకూడదు.

సినిమా చివర ఆనీ చనిపోతుంది. తన సమాధి కార్యక్రమం ఘనంగా జరగాలని ఆమె బతికున్నప్పుడే అన్నీ చెప్పి పెట్టుకుంది. గుడి నిండిపోతుంది, మహాలియా జాక్సన్ పాడుతుంది, తెల్ల గుర్రాల బండిలో శవపేటిక బయల్దేరుతుంది. అప్పుడు సారా జేన్ జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఆ పెట్టె మీద పడి అమ్మా అని ఏడుస్తుంది. వీధి వీధంతా వింటుంది. వినాల్సిన తల్లి వినలేదు.

మనకింకా సమయం ఉంది. ఆ తమ్ముడి తల్లి బతికే ఉంది. ఈ వారం అతను కాలేజీ వరండాలో నిలబడి, అందరూ వినేలా "అమ్మా, తిన్నావా?" అని తెలుగులో అడగగలగాలి. అతనికి ఆ ధైర్యం రావాలంటే పక్కన నిలబడేవాళ్లం మనం ఉండాలి. అట్టి మనసు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.