ఫోను చదువగల తెలుగు వ్రాయుదము

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున, నాగలమడికలో, తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)

 

ప్రతి సంవత్సరమును ఈ వేదికమీద నేను పరీక్షా ఫలితములను, గదుల కొఱతను, మాతృభాషలో చదువు ఆవశ్యకతను గూర్చి మాటలాడుట మీకు అలవాటైనది. ఈ యేడు ఆ సంగతులను కార్యదర్శిగారి నివేదికకు విడిచి, నా వలన జరిగిన యొక పొరపాటును మీ యెదుట చెప్పుకొని, దానినుండి నేను నేర్చిన పాఠమును మనవి చేయదలచితిని. పిల్లల తప్పులను ఎఱ్ఱసిరాతో దిద్దువాడు తన తప్పును దాచుకొనుట న్యాయము కాదు.

గత విద్యాసంవత్సరమున విద్యార్థి వేతనముల దరఖాస్తులకు గడువు సమీపించినపుడు, ప్రకటన యొకటి తెల్లకాగితముపై నా చేతితో వ్రాసి, ఫొటో తీసి, తల్లిదండ్రుల వాట్సాప్ బృందమునకు పంపితిని. అందఱికిని చేరినదని తృప్తిపడితిని. గడువు దాటిన నాలుగు దినములకు ఒక తండ్రి పాఠశాలకు వచ్చెను. ఆయనకు చూపు లేదు. కుమార్తె మన ఏడవ తరగతిలో చదువుచుండెను. ఆ వారము ఆమె మడకశిర ప్రక్కనున్న అమ్మమ్మగారి యూరికి వెళ్లియుండెను. ఆయన నాతో అన్న మాటలివి: “అయ్యవారూ, మీ మెసేజి వచ్చిందని ఫోను చెప్పింది. ఏముందో అని వేలు పెడితే ‘ఫొటో’ అనింది, అంతే, ఊరుకునింది. పండగ బొమ్మేమో అనుకుంటి.”

ఆ బాలికకు ఆ యేటి వేతనము దక్కలేదు. ఆయన నన్ను ఒక్క మాటయైనను అనలేదు. అనియుండినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

చూపులేనివారు గాజు తెర ఫోనును వాడగలరని నాకంతవఱకు తెలియదు. ఆయన నా గదిలో కూర్చుండి అర్ధగంటలో నాకు నేర్పెను. ఆ దినమున ఆయన గురువు, నేను శిష్యుడను. ఆయన నేర్పినదియు, తరువాత నేను తెలిసికొన్నదియు మీకు చెప్పెదను.

తెరమీద నున్నదానిని చదివి వినిపించు ఏర్పాటును స్క్రీన్ రీడర్ అందురు. ఆండ్రాయిడ్ ఫోనులలో దాని పేరు టాక్‌బ్యాక్, ఐఫోనులలో వాయిస్‌ఓవర్. రెండును 2009 నుండి ఉన్నవి. వేఱుగ కొనవలసిన పని లేదు. సెట్టింగులలో యాక్సెసిబిలిటీ యను శీర్షిక క్రింద ఉండును. ఆండ్రాయిడ్ ఫోనులకు ఈ పలుకు నేర్పినవారిలో ముఖ్యులు టి. వి. రామన్ గారు. ఆయన పుణెలో పెరిగి, 14వ యేట చూపు కోల్పోయి, బొంబాయి ఐఐటీలోను తరువాత అమెరికాలోను చదివి, గూగుల్ సంస్థలో పనిచేసిన శాస్త్రవేత్త. కనుక ఇది చూపున్నవారు దయతో ఇచ్చిన వస్తువు మాత్రమే కాదు. చూపులేనివారు తమ అవసరమెఱిగి తామే నిర్మించుకొన్నది కూడ.

టాక్‌బ్యాక్ నడచుచుండగా ఫోను మర్యాద మాఱిపోవును. మనకు ఒకసారి తాకిన యాప్ తెఱచుకొనును. వారికి ఒకసారి తాకిన దాని పేరు పలుకును. వెంటవెంట రెండుమార్లు తట్టిన తెఱచుకొనును. వేలిని కుడికి త్రోసిన తరువాతి దానికి, ఎడమకు త్రోసిన వెనుకటి దానికి పోవును. పుట జరుపుటకు రెండు వ్రేళ్లు కావలెను. కరెంటు పోయిన రాత్రి మనము గోడ తడవుకొనుచు వంటింటికి పోవుదుము గదా, అటువంటిదే ఈ పద్ధతి. ఇచట గోడ తన పేరు తాను చెప్పును. పొరపాటున దీనిని నడిపినవారు ఫోను చెడినదని దుకాణమునకు పరుగెత్తవలదు. శబ్దము పెంచు మీటను, తగ్గించు మీటను కలిపి మూడు సెకండ్లు నొక్కిపట్టిన చాల ఫోనులలో అది ఆగిపోవును.

దీనివలన ఆ తండ్రికి కలిగిన లాభమేమి? పూర్వము బ్యాంకు సందేశము వచ్చినచో ప్రక్కయింటివారిచేత చదివించుకొనెడివాడు. పింఛను సొమ్ము పడిన సంగతి ఆయనకంటె ముందు వీధికి తెలిసెడిది. ఇపుడు ఇయర్‌ఫోను చెవిన బెట్టుకొని తానే వినును. తెరను పూర్తిగా నల్లగా చేసికొని పనిచేయు సదుపాయము కూడ టాక్‌బ్యాక్‌లో కలదు. ఇతరులు తొంగిచూచినను ఏమియు కనబడదు. అంగడిలో క్యూఆర్ చదరమునకు కెమెరాను సరిగా పట్టుట కష్టము గనుక, అంగడివాని ఫోను నంబరునకు డబ్బు పంపును. చేరినదని అక్కడి పెట్టె పలుకగానే సరకు తీసికొని వచ్చును. చేతిలోని నోటు ఎంతదో తెలిసికొనుటకు రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న విడుదల చేసిన ‘మని’ యను యాప్ కలదు. అది ఇంటర్నెట్టు లేకయే పనిచేయును. నోటు విలువను చెప్పునే గాని, అసలుదో నకిలీదో చెప్పదు.

ఇక మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు. మన పావగడ తాలూకాను మూడు వంతులు ఆంధ్రదేశమే చుట్టుకొనియున్నది. ఇంట తెలుగు, కచేరీలో కన్నడము, బ్యాంకు సందేశమున ఇంగ్లీషు. కావున ఇక్కడి ఫోనునకు మూడు గొంతులు కావలెను. ఫోనులో కన్నడ గొంతు మాత్రమే పెట్టినచో, తెలుగు అక్షరముల యెదుట అది తఱచు మౌనము వహించును.

దీనికి కారణమేమి? ఫ్రాన్సు దేశీయుడైన లూయీ బ్రెయిల్ 1824లో, తన 15వ యేట, వ్రేళ్లతో తడవి చదువు చుక్కల లిపిని కనుగొనెను. మన దేశభాషలన్నిటికి కలిపి 1951లో భారతి బ్రెయిల్ ఏర్పడెను. అందులో తెలుగు ‘క’కును కన్నడ ‘క’కును చుక్కలు ఒకటే. వ్రేలికి సరిహద్దు లేదు. కాని ఫోనులో ప్రతి అక్షరమునకు యూనికోడ్ అను లెక్క ప్రకారము ఒక సంఖ్య కలదు. తెలుగు ‘క’ సంఖ్య 3093, కన్నడ ‘క’ సంఖ్య 3221. కంటికి అక్కచెల్లెండ్రవలె కనబడు అక్షరములు యంత్రమునకు వేర్వేఱు. ఫోను చదువునది ఆ సంఖ్యను, రూపమును గాదు.

ఈ యొక్క సూక్ష్మము తెలిసిన నా పొరపాటు మీకు బోధపడును. నేను పంపిన ఫొటోలో సంఖ్యలు లేవు, రంగు చుక్కలు మాత్రమే కలవు. ఇటీవల బొమ్మలోని అక్షరములను గుర్తించు యాప్‌లు వచ్చినమాట నిజమే. అచ్చు అక్షరములను అవి కొంతవఱకు చదువును. చేతివ్రాత విషయమున, అందును గడువు తేదీవంటి విషయమున, వానిని నమ్మి కూర్చుండరాదు.

రెండవ పొరపాటు మనలో చాలమంది చేయునది. ‘రేపు బడి లేదు’ అను తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరములలో కొట్టుదురు. ఇంగ్లీషు గొంతు దానిని ఇంగ్లీషు మాటగా తలచి, ఎవరికిని అర్థము గాని విధమున పలుకును. తెలుగు మాటకు తెలుగు అక్షరము తొడుగవలెనని మన సంఘము ఇన్నాళ్లుగా చెప్పుచున్నది. అది అభిమానముకొఱకని కొందఱు తలచిరి. చూపులేని తెలుగువానికి అది అవసరమే.

మూడవది, అచ్చుకూటములలో వాడు పాత ఫాంటులు. వానిలో తెలుగు రూపము క్రింద ఇంగ్లీషు అక్షరపు సంఖ్య దాగియుండును. పుట మనకు అందముగా కనబడును. ఫోనునకు అర్థము లేని అక్షరముల గుంపుగా వినబడును. మన వార్షిక సంచికయు, సుబ్రహ్మణ్యస్వామి జాతర కరపత్రమును ఫోనులలో తిరుగునపుడు ఈ రెండు దోషములలో ఏదో యొకటి కలిగియే యుండును.

యాప్‌లు చేయువారి తప్పులును కలవు. పేరు పెట్టని మీటను తాకిన ఫోను ‘బటన్’ అని మాత్రమే పలుకును. అది డబ్బు పంపునదో, రద్దుచేయునదో తెలియదు. ఖాతా తెఱచుటకు కెమెరా యెదుట కన్ను ఆర్పుమని కోరిన, చూపులేనివారేమి చేయుదురు? ఈ విషయమున సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పుచు, ఇట్టి సేవలు అందఱికి అందుట రాజ్యాంగము 21వ అధికరణములోని జీవనహక్కులో భాగమని నిర్ణయించి, 20 ఆదేశములిచ్చెను. వికలాంగుల హక్కులనుగూర్చిన 2016 చట్టమును, సమాచారము అందఱికి అందు రూపమున నుండవలెనని చెప్పుచున్నది. కోర్టు ఆదేశములు బ్యాంకులను, కచేరీలను సరిదిద్దుగాక. మన బృందములో మనము పంపు సందేశమును సరిదిద్దవలసినది మనమే.

కావున తల్లిదండ్రులకు నా ప్రార్థనలు మూడు. మొదటిది, తెలుగు సందేశమును తెలుగు అక్షరములలో కొట్టుడు. కొట్టుట రానివారు కీబోర్డులోని మైకు గుర్తు నొక్కి పలికిన అదే వ్రాయును. పంపుటకు ముందు ఒకసారి చూచుకొనుడు. రెండవది, ఫొటో పంపక తప్పనిచో దాని క్రింద సంగతియు తేదీయు రెండు వాక్యములలో చేర్చుడు. మూడవది, చూపు మందగించిన పెద్దలు ఏ యింటనైనను ఉందురు. వారి చేతినుండి ఫోను లాగుకొని పని ముగించి ఇచ్చుటకంటె, ప్రక్కన కూర్చుండి వారిచేతనే చేయించుడు. మొదట ఆలస్యమగును. పిల్లలకు అక్షరాభ్యాసము చేయించినపుడు మనకు లేని తొందర, పెద్దల విషయమున మాత్రమేల?

పాఠశాల పక్షమున నా బాధ్యతయు చెప్పెదను. ఆ సంఘటన జరిగినప్పటినుండి ప్రతి ప్రకటనయు ముందు తెలుగులోను, పిదప కన్నడములోను అక్షరరూపముననే వెళ్లుచున్నది. ఈ యేడు వేతనముల ప్రకటన పంపినపుడు, బృందములో మొట్టమొదట “తెలిసింది అయ్యవారూ” అని జవాబు వ్రాసినది ఆ తండ్రియే. మఱునాడే దరఖాస్తు నా బల్లమీదికి వచ్చెను. పోయిన యేటి వేతనమును మాత్రము నేను తిరిగి తేలేకపోతిని.

భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు చదువు చెప్పించు వసతి కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. ఆ యధికరణము నీడలోనే మన బడి నిలిచియున్నది. మన భాషలో మనకు సంగతి అందవలెనని ప్రభుత్వమును అడుగు మనము, మనలోనే యొకనికి అదే భాషలో సంగతి అందకుండ చేయరాదు. ఈ ప్రసంగము సంచికలో అచ్చగునని కార్యదర్శిగారు చెప్పిరి. అచ్చునకు పోవుటకు ముందు దీనిని యూనికోడ్ అక్షరములలో ఆ తండ్రి ఫోనునకు పంపుదును. తప్పులున్నచో ఆయనయే మొదట విని చెప్పును.