అమ్మీ మాటే మొదటి థెరపీ

(సంఘం వార్షిక సమావేశంలో రావల్కోల్‌కు చెందిన ఒక తండ్రి చేసిన ప్రసంగ పాఠం)





నేను డాక్టరును కాను. మేడ్చల్‌లో చిన్న దుకాణం నడుపుకుంటాను. ఆటిజం ఉన్న పిల్లవాడి తండ్రిని. థెరపీ ఎంచుకోవడంలో మేము చేసిన తప్పు మరో ఇంట్లో జరగకూడదని మీ ముందు నిలబడ్డాను.

మా వాడికి రెండున్నరేళ్ళు వచ్చినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. 'మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయి' అన్నారు పెద్దలు. అలా ఏడాది గడిచిపోయింది. తర్వాత కంగారుపడి ఒక సెంటర్‌లో చేర్చాం. ఆరు నెలల్లో మామూలు పిల్లవాడిని చేస్తామని చెప్పి డబ్బంతా ముందే కట్టించుకున్నారు. లోపల ఏం చేస్తున్నారో చూడనివ్వలేదు. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమన్నారు. మా ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. వాడి అమ్మీకి ఇంగ్లీషు రాదు. అందుకని ఆమె వాడితో మాట్లాడటమే తగ్గించేసింది. డబ్బు పోయినందుకు కాదు, ఇందుకే నాకు ఇప్పటికీ బాధ. బొమ్మ చూపిస్తే వాడు 'వాటర్' అనేవాడు. నిజంగా దాహం వేసినప్పుడు మాత్రం ఏడుస్తూ తల గోడకు కొట్టుకునేవాడు.

తర్వాత కలిసిన థెరపిస్టు ముందుగా చెవి పరీక్ష చేయించారు. ఏడుపుకు ముందు ఏం జరిగింది, ఏడ్చాక మీరేం చేశారు, వారం రోజులు నోట్‌బుక్‌లో రాయమన్నారు. రాసి చూస్తే తెలిసింది: చాలాసార్లు ఏదో కావాలని అడగలేక ఏడుస్తున్నాడు. తల కొట్టుకోవడం మొండితనం కాదు, అడగడమే. బిహేవియర్ థెరపీ ఆ కారణాన్ని వెతికింది. స్పీచ్ థెరపీ అడిగే దారి చూపింది. వంటగది గోడకు నీళ్ళ గ్లాసు బొమ్మ అతికించాం. వాడు ఆ బొమ్మ తీసి దాదీకి ఇస్తే, ఆమె 'పానీ' అని చెప్పి నీళ్ళిచ్చేది. బొమ్మలకు అలవాటు పడితే మాటలు రావేమోనని భయపడ్డాం. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. రెండు భాషల ఇంట్లో పెరగడం వల్ల ఆటిజం పిల్లల మాట వెనకబడదనీ చెబుతున్నాయి. కొన్ని నెలలకు మా వాడు బొమ్మ చేతిలో పట్టుకుని 'పానీ' అన్నాడు.

కాబట్టి ఏ థెరపీ గొప్పదని అడగకండి. ఈ అయిదు ప్రశ్నలు అడగండి.

ఒకటి: చెవి పరీక్ష, పూర్తి అసెస్‌మెంట్ అయ్యాయా? దీనికోసం దూరం పోనక్కరలేదు. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. పాతవాళ్ళు ఎన్‌ఐఎంహెచ్ అంటారు, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ. ఆటిజాన్ని కొలవడానికి 40 అంశాలతో మన దేశానికి తగిన స్కేలును రూపొందించింది ఆ సంస్థే. వినికిడి, మాట సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే ఉంది.

రెండు: థెరపిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా?

మూడు: వచ్చే మూడు నెలల్లో ఏం నేర్పుతారో కాగితం మీద రాసి ఇస్తారా? 'నయం చేస్తాం' అనేది లక్ష్యం కాదు. 'దాహం వేస్తే అడుగుతాడు' అనేది లక్ష్యం.

నాలుగు: తల్లిని లోపల కూర్చోబెట్టి, మీ ఇంటి భాషలో నేర్పుతారా?

అయిదు: పిల్లవాడు మాట వినకపోతే ఏం చేస్తారు? కొట్టడం, తిండి ఆపడం థెరపీ కాదు. అలాంటిచోట ఒక్కరోజు కూడా ఉంచకండి.

ఇప్పుడు దాతలకు నా విన్నపం. ఏడాదికో క్యాంపు పెట్టి ఫొటో దిగితే ఈ పిల్లలకు ఒరిగేది తక్కువ. వీళ్ళకు వారం వారం, నెలల తరబడి సాయం కావాలి. రావల్కోల్ నుంచి బోయిన్‌పల్లికి పిల్లవాడితో వెళ్ళొస్తే కూలి చేసుకునే తల్లికి ఆ రోజు కూలి పోతుంది. ఆ దారి ఖర్చు, ఆ కూలి మీరు భరించండి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. సర్టిఫికెట్ ఉంటే నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో చేరవచ్చు; ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ. థెరపీకి అందులో విడిగా పరిమితి ఉంది. అయితే ముందు మనం ఖర్చు పెట్టి, బిల్లులు పంపితే తర్వాత డబ్బు వస్తుంది. చేతిలో ముందుగా డబ్బు లేనివాళ్ళు ఆగిపోయేది అక్కడే. సంఘం చిన్న నిధి పెట్టి ఖర్జె హసనాగా ఇస్తే, బీమా డబ్బు రాగానే ఆ సొమ్ము తిరిగి వచ్చి మరో పిల్లవాడికి పనికొస్తుంది.

నెలకో ఆదివారం మన హాలులో తల్లులకు శిక్షణ ఇప్పించండి. గోవాలో, రావల్పిండిలో 65 మంది పిల్లలతో చేసిన పరిశోధన 2016లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చింది. నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, వారి ద్వారా తల్లిదండ్రులకు నేర్పించారు. ఆ పిల్లలు తమంతట తాము అమ్మానాన్నలను పలకరించడం పెరిగింది.

మా వాడు ఇవాళ్టికీ గలగలా మాట్లాడడు. కానీ దాహం వేస్తే తల కొట్టుకోడు. దాదీ కొంగు పట్టుకుని అడుగుతాడు. ఇంకో ఇంట్లో ఆ మాట వినబడటానికి మీ చేయి కావాలి.

అల్లాహ్ మీ సేవను స్వీకరించుగాక. ఆమీన్.