తోడిపనివారి యీర్ష్య
(ఉరుకుందలో జరిగిన వార్షిక సభయందు చేసిన యుపన్యాసము)



శ్రీ నరసింహ ఈరన్నస్వామివారి సన్నిధియగు నీ యురుకుందలో మన సభ సమకూడుటయు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములనుండి యింతమంది బంధువులు విచ్చేయుటయు మాకెంతో సంతోషము గూర్చుచున్నవి. నేతపరిశ్రమయొక్క యభివృద్ధినిగూర్చి మాటలాడుమని యాహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. ఆ విషయమున మాకంటె నెక్కువ తెలిసినవారీ సభలో పెక్కురు కలరు. పనిచేయువాని మనస్సును లోలోపల తినివేయు నొక పురుగునుగూర్చి మాత్రము మాకు స్వానుభవము కలదు. కావున దానినే చెప్పుదుము.

1938వ సంవత్సరమున మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘమును స్థాపించిరి. అంతకు పూర్వము మనవారిలో పలువురు సావుకారునొద్ద నూలు దెచ్చుకొని, ఇంటిలోని గుంటమగ్గమున నేసి, బట్ట యప్పగించి కూలి గొనుచుండెడివారు. అప్పుడు తోడిపనివారనగా నెవరు? కండెలు చుట్టు భార్య, పడుగు సవరించు తండ్రి, నాడె యందిచ్చు కొడుకు. సంఘములు వచ్చినపిదప గిడ్డంగి వచ్చెను, పుస్తకములు వచ్చెను, గుమాస్తాలు వచ్చిరి. ఒకే కప్పుక్రింద పరాయివారు పదిమంది కూర్చుండి పనిచేయుట మనకు క్రొత్త. అన్నకును బావకును మామకును మనకు వావి కలదు, ప్రక్కబల్లవానికి లేదు.

ఆదోనిలో పత్తివ్యాపారి మేడమీద మేడ గట్టినను మనకు నిద్ర చెడదు. ప్రక్కబల్లవాని జీతము కొంచెము హెచ్చినచో చెడును. మనుష్యుడు తన్ను దూరపువారితో గాక, తనకు సమీపులును సమానులునగువారితోనే పోల్చుకొని కొలుచుకొనునని లియాన్ ఫెస్టింజర్ అను నమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు 1954లో సిద్ధాంతము చేసెను. మన పెద్దలకిది తెలియని సంగతి కాదు. దాయాదుల పోరును భారతమంత చేసి చెప్పుకొన్నవారము గదా!

ఆ భారతమందే శల్యుడు కలడు. శల్యసారథ్యమను మాటను మన పల్లెలలో చదువురానివారును వాడుదురు. కర్ణునికి సారథివి కమ్మని సుయోధనుడు కోరినపుడు, సూతపుత్రుని రథము నేను దోలుటయా యని శల్యుడు మండిపడెను. కృష్ణునికంటె నీవధికుడవని పొగడినంతనే మెత్తబడెను. అయినను నోటికి వచ్చినట్లు మాటలాడు స్వేచ్ఛ కావలెనని నియమము పెట్టెను. కర్ణుని యుత్సాహము భంగపరతునని ధర్మజునికి మునుపే మాట యిచ్చియుండెను. రథమునెక్కి, హంసతో పందెము వేసి సముద్రమున బడిన కాకికథ చెప్పి కర్ణుని దెప్పెను. గుర్రములను దారి తప్పించినట్లు మాత్రము కథ చెప్పదు. అందే యున్నది చిక్కు! మన కచేరులలోని శల్యులును వేళకు వత్తురు, కాగితములు సరిగానే యుంతురు; ఏ నియమమునకును దొరకరు. పొగడ్తకు లొంగు స్వభావము శల్యునిది. పుట్టుక పేరిట నవమానములు పడి ప్రతిమాటకును బదులు చెప్పక యుండలేని స్వభావము కర్ణునిది. ఈ యిద్దరు నొకే రథముమీద గూడినచో నెదుట శత్రువు లేకున్నను పని చెడును.

ఇది మన దేశపు జాడ్యమేయని తలపవలదు. షికాగో పట్టణము చెంత హాథారన్ అనుచోట వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ కర్మాగారములో 1931 నవంబరునుండి 1932 మేవరకు పదునలుగురు పనివాండ్ర నొక గదిలో నుంచి వారి నడతను కనిపెట్టిరి. దినమునకింత పనియే తగునని వారు తమలో తాము హద్దు పెట్టుకొనిరి. దానిని మించి చేసినవానికి ఎగతాళి పేర్లు పెట్టిరి, భుజముమీద గుద్దిరి. ఇదంతయు నీర్ష్యయేయని మేమనము. ఒకడెక్కువ చేసినచో యజమాని యందరి కూలిరేటును తగ్గించునను భయమును వారికుండెను. అది పనులు పోవుచున్న కఱవుకాలము. అయినను ఆ గుద్దు బహిరంగముగా తగిలెను. మౌనముగా తగిలెడి గుద్దు వేరొకటి కలదు. అది మేము కొట్టినదే.

వయసున నున్నపుడు మేమొక నూలు పంపిణీ కచేరిలో లెక్కలు వ్రాయుచుంటిమి. దాని పేరిచ్చట ననవసరము. మాకంటె నారేండ్లు చిన్నవాడు, నేతయింట బుట్టినవాడొకడు ప్రక్కబల్లకు వచ్చెను. నూలుపోగును రెండు వ్రేళ్ళనడుమ త్రిప్పి, ఇది నలువది నెంబరు, ఇది అరువది నెంబరు అని తడవుకొనక చెప్పెడివాడు. సాయంకాలములందు మాకును నేర్పుచుండెను. ఒకనాడు మేనేజరుగారతని నందరియెదుట మెచ్చుకొనిరి. ఆ రాత్రి మాకన్నము సహింపలేదు.

నెలకడపట నతడు వ్రాసిన పట్టీలో 60 నెంబరు కట్టలు 40 నెంబరు వరుసలో పడియుండుట చూచితిమి. అలవాటుచొప్పున ఆ వరుసప్రక్క పెన్సిలుతో చుక్క పెట్టితిమి. అతడెదుటనే యుండెను, ఒక్కమాట చాలియుండెను. చెప్పక పుస్తకము మూసితిమి. అబద్ధమాడలేదు, అంకె దిద్దలేదు, ఎవరితోను చాడి చెప్పలేదు. గిడ్డంగిలో అరువది నెంబరు నూలుండియు పుస్తకమున లేకపోవుటచే పల్లెలనుండి వచ్చిన నేతగాండ్రు వట్టిచేతులతో మరలిరి. తప్పు బయటపడుసరికి ఎనిమిది దినములు గడచెను. ఆ యెనిమిది దినములు ఎన్ని గుంటలలో మగ్గము కదలలేదో, ఎన్ని పొయ్యిలు చల్లారెనో యడుగుటకు మాకు ధైర్యము చాలలేదు. అతని జీతములో కోత పడెను.

కొన్నేండ్లకు శ్రావణమాసపు టుత్సవములకు ఇదే యురుకుందకు ఇద్దరము కలిసి వచ్చితిమి. దర్శనమైన పిదప ఆ సంగతి చెప్పివేసితిమి. అతడు కొంతసేపు తలవంచుకొని, “అన్నా, ఆ పెన్సిలు చుక్కను నేనప్పుడే చూచినాను” అనెను. మాకు పోగు చూచుట నేర్పడము అతడా నెలనుండియే మానియుండెను. పని యెక్కువై మానెననుకొంటిమి. నేటికిని కట్టమీది చీటి చూడనిదే మేము నూలు నెంబరు చెప్పలేము.

సభవారికొక విన్నపము. మన విద్యార్థి వసతిగృహపు లెక్కలలో వ్రాసినవాని చేవ్రాలుతోపాటు సరిచూచినవాని చేవ్రాలును ఉండవలెను. తప్పు కనిపెట్టి చెప్పినవాని పేరును ఆ పుటలోనే వ్రాయవలెను. చుక్క పెట్టి యూరకుండుటకప్పుడు తావుండదు. మా యధీనములోనున్న కోశపుస్తకముతోనే దీని నారంభింపదలచి, సరిచూచుటకు ఆ మిత్రునే కోరితిమి. అతడీ సభలోనే యున్నాడు. ఇంకను బదులు చెప్పలేదు.