మన ఇంటి పనిమనిషికీ జీతపు లెక్క ఉండాలి
(బైలదిలా గని కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పూర్వపు బస్తర్ జిల్లాలో భాగమై, 1998 నుండి దంతెవాడ జిల్లాలో ఉన్న ఈ కొండలలో 1968లో కిరండూల్ వద్ద, 1977లో బచేలి వద్ద ఇనుప ఖనిజపు గనులు ప్రారంభమైనవి. విశాఖ రేవుకు ఖనిజాన్ని చేర్చే రైలుమార్గం వెంట మన తెలుగు కుటుంబాలెన్నో ఇక్కడికి వచ్చి స్థిరపడినవి. వేతన ఒప్పందాలు, బోనసు, ప్రావిడెంటు ఫండు మనకు ఊరకే రాలేదు.

అయితే షిఫ్టు ముగించుకొని క్వార్టరు గడపలో అడుగుపెట్టగానే మనమే యజమానులమవుతున్నాము. మన ఇంట అంట్లు తోమే ఆదివాసీ సోదరికి వేతనమెంత, పనిగంటలెన్ని, వారపు సెలవు ఉన్నదా అన్న విషయం ఏ కాగితం మీదా లేదు. జ్వరంతో నాలుగు రోజులు రాకపోతే జీతం కోస్తాము. గాజు గ్లాసు పగిలినా కోస్తాము. యాజమాన్యం మన వేతనంలో ఇట్లా కోత పెడితే ఆ సాయంత్రమే గేటు మీటింగు పెట్టమా? దసరాకు మనకు బోనసు, ఆమెకు పాత చీర!

"కాగితం పెడితే పన్నుల చిక్కు వస్తుంది" అని కొందరు మిత్రుల భయం. నెలకు 15 వేల రూపాయలిచ్చినా ఏడాదికి 1 లక్షా 80 వేలే. అది ఆదాయపు పన్ను పరిమితికి దిగువనే ఉన్నది. అంతవరకు జీతంలో పన్ను కోయవలసిన పని లేదు. ప్రావిడెంటు ఫండు చట్టం సాధారణంగా 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకే వర్తిస్తుంది గనుక మన ఇంటికి ఆ బాధ్యతా లేదు. చిక్కు లేదన్నది మనకు ఊరటే. కాని ఆమె వృద్ధాప్యానికి ఆధారమేది?

2021లో మొదలైన ఈ-శ్రమ్ నమోదులో ఆమె పేరు చేర్పించండి. అసంఘటిత కార్మికుల కొరకు 2019లో ప్రారంభమైన శ్రమయోగి మాన్‌ధన్ పథకం ప్రకారం 18 నుండి 40 ఏళ్ళ లోపు చేరినవారు వయస్సును బట్టి నెలకు 55 నుండి 200 రూపాయలు కట్టాలి. అంతే మొత్తం కేంద్రం జమచేస్తుంది. 60 ఏళ్ళు నిండిన పిదప నెలకు 3,000 రూపాయల పింఛను. ఆమె వాటాను జీతానికి అదనంగా మనమే ఇవ్వలేమా?

రెండు చిన్న పుస్తకాలు కొనండి. ఒకటి ఆమెకు, ఒకటి మీకు. పనిదినాలు, సెలవులు, అడ్వాన్సు, చెల్లించిన జీతం రెండింటిలోనూ వ్రాయండి. వేలిముద్ర వేయించే ముందు ఆమెకు తెలిసిన గోండీలోనో హల్బీలోనో చదివి వినిపించండి.

కడప, గోదావరి జిల్లాల నుండి ఎందరో మన ఆడపడుచులు కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళినారు. అక్కడి 2015 నాటి చట్టం వ్రాతపూర్వక ఒప్పందాన్ని, వారపు సెలవును గుర్తించినది. అది అమలు కావాలని మనం కోరుతున్నాము. అక్కడ మన బిడ్డకు కోరినదే ఇక్కడ మన ఇంట పనిచేసే బిడ్డకు ఇవ్వాలి.

వచ్చే ఒకటో తేదీన జీతమిచ్చేటప్పుడే ఆ పుస్తకంలో మొదటి పద్దు వ్రాయవలసిందిగా ప్రతి సభ్యుణ్ణీ కోరుతున్నాను.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!