పానా పట్టే ముందు సైకిల్‌ని చదవండి

ఇవాళ్టి టాపిక్ పాత రోడ్ సైకిళ్ళు. తాతల కాలం నాటి కడ్డీ బ్రేకుల సైకిల్ కాదండీ, దాని గురించి కూడా చివర్లో ఒక ముక్క చెప్తా. నేను చెప్పేది సన్న టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్, ఫ్రేమ్ కింది గొట్టం మీద రెండు చిన్న గేర్ లివర్లు ఉండే స్టీల్ రేసు సైకిళ్ళ గురించి. ఇటలీ, ఇంగ్లండ్, ఫ్రాన్స్, జపాన్... 1960ల నుంచి 1980ల దాకా వచ్చిన సరుకు.

మనకెందుకు ఇవి అంటారా? అమెరికాలోనో యూకేలోనో చదువుకుంటున్న మనవాళ్ళకి గరాజ్ సేల్స్‌లో ఇవి ఎదురవుతూనే ఉంటాయి. 1970ల మొదట్లో అమెరికాకి సైకిల్ పిచ్చి పట్టింది. అప్పుడు కొన్న టెన్-స్పీడ్‌లు ఇంకా షెడ్లలో దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. అమ్మేవాడు "వింటేజ్ ఇటాలియన్, సెవెంటీస్" అని ఒక చీటీ అంటించి రేటు పెడతాడు. అందులో ఎంత నిజమో మీరే తేల్చుకోవాలి.

తేల్చుకోవడం ఎందుకంత ముఖ్యం? డబ్బు ఒకటి. ఇంకోటి, ఇటలీలో టస్కనీ ప్రాంతంలో గయోలే అనే ఊరి నుంచి 1997లో మొదలైన ఎరోయికా అనే రైడ్ ఉంది. తెల్లటి మట్టి రోడ్ల మీద, పాత సైకిళ్ళ మీదే తొక్కాలి. 1987కి ముందు తయారైన రోడ్ సైకిల్ కావాలి, గేర్ లివర్లు కింది గొట్టం మీద ఉండాలి, పెడల్‌కి బెల్టులుండాలి, బ్రేక్ వైర్లు హ్యాండిల్ టేపు కింద దాక్కోకుండా పైకి కనిపించాలి. 1987 ఎందుకు అనుకుంటున్నారా? ఆ చుట్టుపక్కలే అంతా మారిపోయింది. 1984లో షిమానో టక్కు టక్కుమని పడే గేర్లు తెచ్చింది. 1985లో బెర్నార్డ్ ఇనో బూటు పెడల్‌కి క్లిక్కున బిగుసుకునే లుక్ పెడల్స్‌తో టూర్ దె ఫ్రాన్స్ గెలిచాడు. 1990కి గేరూ బ్రేకూ ఒకే లివర్‌లోకి వచ్చేశాయి.

సరే, ఇప్పుడు సైకిల్ ముందు కూర్చుందాం. పానా పక్కన పెట్టండి. ఫోను, టార్చి, స్కేలు చాలు.

జపాన్ పార్టులైతే పని సులువు. షిమానో పార్టుల వెనకవైపు రెండు ఇంగ్లిష్ అక్షరాలు గుద్ది ఉంటాయి. మొదటిది సంవత్సరం, రెండోది నెల. ఏ అంటే 1976, బీ అంటే 1977, అలా వెళ్తుంది. నెలకి ఏ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబర్. అంటే 'జీ సీ' అని ఉంటే 1982 మార్చి. ఒక్క తిరకాసు. ఇరవయ్యారు అక్షరాలు అయిపోయాక 2002లో మళ్ళీ ఏ నుంచి మొదలైంది. పార్టు రూపం చూస్తే ఏ కాలందో తెలిసిపోతుంది లెండి.

ఇటలీ సైకిలైతే కంపాగ్నోలో పార్టులు చూడండి. 1970లలో నువోవో రికార్డ్ వెనక గేర్ మెకానిజం మీద 'పేటెంట్' అనే మాట పక్కనే రెండంకెలుంటాయి. 74 అంటే 1974. క్రాంక్‌కి పళ్ళచక్రాన్ని బిగించే బోల్టుల వలయం కొలవండి. 151 మిల్లీమీటర్లయితే 1967కి ముందుది, 144 అయితే ఆ తర్వాతది. హ్యాండిల్ మీద చినెల్లి అని ఉందా? పాత కవచం లాంటి గుర్తు ఉంటే 1979కి ముందుది, రెక్కలున్న 'సీ' ఉంటే ఆ తర్వాతది. లోగో మార్చినవాడికి తెలీదు మనకింత పని చేసిపెట్టాడని.

కానీ ఇక్కడే జాగ్రత్త. లాగ్ ఫైల్‌లో ఒక్క లైన్ చూసి బగ్ ఎక్కడుందో తేల్చేయం కదా. చక్రం వంకరపోతే మారుస్తారు, గేర్ అరిగితే మారుస్తారు. పార్టు మీద ఉన్నది పార్టు పుట్టినరోజు, సైకిల్‌ది కాదు. నాలుగైదు పార్టులు ఒకే ఏడాది చుట్టూ తిరిగితే అప్పుడు నమ్మండి. ఒక్కటే వేరే దారిలో ఉంటే అది తర్వాత వచ్చిన చుట్టం.

ఫ్రేమే అసలు సాక్షి. వెనక చక్రం కూర్చునే సందు కొలవండి. 120 మిల్లీమీటర్లుంటే ఐదు పళ్ళచక్రాల కాలం, 126 ఉంటే ఆరు, ఏడు, 130 ఉంటే ఎనిమిది వచ్చాక. ఇదీ వందశాతం కాదు, స్టీల్ ఫ్రేమ్‌ని లాగి వెడల్పు చేసేవాళ్ళున్నారు. సీటు కింది గొట్టం 27.2 మిల్లీమీటర్లుంటే సంతోషించండి. రేనాల్డ్స్ 531, కొలంబస్ ఎస్ఎల్ లాంటి పల్చటి మంచి స్టీల్‌కి ఎక్కువగా ఆ సైజే పడుతుంది. 25, 26 దగ్గరుంటే మామూలు మందపు గొట్టం అనుకోవచ్చు, మెరిసే స్టిక్కర్ ఏం చెప్పినా సరే.

ఇప్పుడు రిపేరు. ఎక్కువ ఫ్రేములు పాడయ్యేది ఇక్కడే, అందుకే కాస్త నెమ్మదిగా చెప్తా. పెడళ్ళ ఇరుసు తిరిగే గొట్టంలో అటూ ఇటూ రెండు కప్పులు మరలతో బిగించి ఉంటాయి. చైన్ వైపు కప్పు ఇంగ్లిష్ సైకిల్లో ఎడమ మర. అంటే విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. ఇటాలియన్ సైకిల్లో అదే కప్పు మామూలు మర, ముల్లుకి ఎదురుగా తిప్పాలి. ఏ దేశందో తెలీకుండా మీటరు పొడుగు పైపు తొడిగి లాగితే, మీరు విప్పుతున్నాననుకుంటూ బిగిస్తుంటారు. మరలు చిరిగిపోతాయి. యాభై ఏళ్ళు బతికిన ఫ్రేమ్ ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది.

కాబట్టి ముందు ఆ గొట్టం వెడల్పు కొలవండి. 70 మిల్లీమీటర్లయితే ఇటాలియన్. 68 అయితే ఇంగ్లిష్ కావచ్చు, ఫ్రెంచ్ కూడా కావచ్చు, ఫ్రెంచ్‌దేమో మళ్ళీ మామూలు మర. అప్పుడు కప్పు మొహం తుడిచి చదవండి. చాలా వాటి మీద రాసే ఉంటుంది. 1.37 ఉంటే ఇంగ్లిష్, 36 ఉంటే ఇటాలియన్, 35 ఉంటే ఫ్రెంచ్ లేదా స్విస్. స్విస్‌ది మళ్ళీ ఎడమ మర. జపాన్ వాళ్ళు బుద్ధిగా ఇంగ్లిష్ కొలతే పట్టుకున్నారు. అందుకే మొదటిసారి కొనేవాళ్ళకి నా ఓటు 1980ల మొదట్లో వచ్చిన మియాటా, ఫుజీ లాంటి వాటికి. పేరుకి మోజు తక్కువ, పనితనం ఎక్కువ, స్పేర్లు దొరుకుతాయి. ఫ్రెంచ్ సైకిళ్ళు అందంగా ఉంటాయి, కాదనను. కానీ హ్యాండిల్ దిగే గొట్టం కూడా అందరికీ 22.2 అయితే వాళ్ళకి 22.0. మొదటి సైకిల్‌కే ఆ తలనొప్పి ఎందుకు?

సీటు గొట్టం ఇరుక్కుపోతే సుత్తి తీయకండి. అల్యూమినియం, స్టీల్ ఏళ్ళ తరబడి తడిలో ఆనుకుని ఉంటే తుప్పు రెండింటినీ అతికించేస్తుంది. లోపలికి ఇంకే నూనె పోసి రోజుల తరబడి వదిలేయండి. గొట్టాన్ని వేడి చేయకండి, స్టీల్ కన్నా అల్యూమినియం ఎక్కువ ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. ఐసుతో చల్లబరిస్తే కొంచెం వదులవుతుంది. తిరిగి పెట్టేటప్పుడు గ్రీజు రాయండి.

క్రోమ్ మీద పైపై తుప్పుకి వంటింటి అల్యూమినియం ఫాయిల్ నీళ్ళలో ముంచి రుద్దండి, చాలు.

ఇక రంగు. చాలామంది మొదట చేసేది రంగు గీకేసి కొత్తది కొట్టించడం. నాకు అది అస్సలు నచ్చదు. పాత రంగుతోపాటు స్టిక్కర్లు పోతాయి, మందంగా పూస్తే అడుగున గుద్దిన నంబరు పూడిపోతుంది. మనం ఇప్పటిదాకా చదివిన అక్షరాలు చెరిపేసినట్టే కదా. ఫ్రేమ్‌ని తుప్పు తినేస్తుంటే తప్ప, కడిగి, మైనం రాసి వదిలేయండి.

వదిలేయకూడనివీ ఉన్నాయి. పాత అల్యూమినియం హ్యాండిళ్ళు, స్టెమ్‌లు, క్రాంకులు. ముఖ్యంగా కంపాగ్నోలో క్రాంక్‌లో చెయ్యి, పళ్ళచక్రం కాళ్ళు కలిసే మూల. శుభ్రంగా తుడిచి టార్చి ఏటవాలుగా పట్టి చూడండి. వెంట్రుకంత గీత కనిపించినా అది గోడకే, రోడ్డుకి కాదు. అల్యూమినియం వంగి హెచ్చరించదు, ఒక్కసారే విరుగుతుంది. పాత స్టీల్ రిమ్ములుంటే వానలో బ్రేకు దాదాపు లేదనుకోండి.

చివరగా, మాటిచ్చాను కదా. మీ ఇంట్లో తాతగారి రాలీ ఉంటే అది రేసు సైకిల్ కాదు, కానీ చదవడం అదే పద్ధతి. ముందు బిళ్ళ మీద నాటింగ్‌హామ్ ఉందా, సెన్-రాలీ ఉందా చూడండి. సెన్-రాలీ అయితే మన దేశంలోనే, బెంగాల్లోని అసన్సోల్‌లో తయారైంది. వెనక హబ్ మీద స్టర్మీ-ఆర్చర్ అని ఉంటే తుడవండి. '62 5' అని కనిపిస్తే ఆ హబ్ 1962 మే నెలది. ముందు ఫొటో తీసుకోండి, తర్వాతే నూనె పెట్టండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కప్పులు విప్పి బాల్స్ మార్చడం చూద్దాం. ఉంటా మరి.