చీకట్లో స్క్విడ్ వేట

మన జివతి కొండలకు సముద్రం దూరమే. అయినా విశాఖ రేవులో దిగే స్క్విడ్ గురించి రెండు మాటలు చెప్పుకుందాం. అక్కడ అది ఎక్కువగా ట్రాల్ వలల్లో పడుతుంది. గాలంతో పట్టే పద్ధతి వేరు.

ఎనిమిది చేతులు, రెండు పొడవాటి టెంటకిళ్లు, మూడు గుండెలు ఉన్న జీవి ఇది. రాత్రిపూట దీపాల వెలుగు దగ్గర చేరే చిన్న చేపల కోసం వస్తుంది. జెట్టీ మీద నిలబడితే అది మన దగ్గరికి వచ్చేదాకా చూడాల్సిందే. పడవలో అయితే గుంపు ఉన్నచోటికి మనమే వెళ్లొచ్చు, లోతు మార్చుకోవచ్చు. నా దృష్టిలో పడవదే పైచేయి. పడవ కింద వెలుగు, నీడ కలిసే అంచునే స్క్విడ్ పొంచి ఉంటుంది. జిగ్ గాలాన్ని అక్కడికే దింపాలి.

జిగ్ కింద సూదులు కిరీటంలా పైకి తిరిగి ఉంటాయి. వాటికి ఎదురుముల్లు ఉండదు, కాబట్టి దారం ఒక్క క్షణం వదులైనా స్క్విడ్ జారిపోతుంది. నిదానంగా, ఆపకుండా లాగాలి. పడవలోకి ఎత్తేటప్పుడు దాని గొట్టాన్ని మనుషుల వైపు తిప్పకండి, సిరా చిమ్ముతుంది.

ఇక వలల విషయానికొస్తే, దీపాలు పెట్టి ట్రాల్, పర్స్ సీన్ వలలతో వేటాడటాన్ని కేంద్రం 2017 నవంబరులో నిషేధించింది. వెలుగుకు చేరిన పిల్ల చేపలూ వలలో ఊడ్చుకుపోతాయి కాబట్టి అది సరైన నిర్ణయమే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవల వేటకూ విరామం.