వ్రేలికొనపై వెలుగు
కోవిడ్ కాలమున ఇంటింట పరిచితమైన ఆక్సీమీటరు, 1974 ప్రాంతమున జపానులో తకువో అవొయాగి కనుగొనిన సూత్రము ననుసరించి, ఎఱ్ఱని కాంతిని, కంటికి కానరాని పరారుణ కాంతిని వ్రేలిగుండ ప్రసరింపజేసి, నాడీస్పందనముతో మారు కాంతిశోషణమును బట్టి రక్తమునందలి ప్రాణవాయువును గణించుచున్నది. అయితే చర్మమునందలి మెలనిన్ సైతము కాంతిని, విశేషించి ఎఱ్ఱని కాంతిని, గ్రహించునదే గావున, అధికముగా తెల్లనివారి వ్రేళ్లపై సరిచూచిన యంత్రము నల్లనివారియెడ ఉన్నదానికంటె హెచ్చు చూపుట వింతగాదు. 2020లో మిషిగన్ వైద్యులు ధమనీరక్తపరీక్షతో పోల్చిచూడగా, యంత్రము 92 మొదలు 96 శాతము వరకు చూపుచుండగనే నిజస్థితి 88కి దిగువ నుండుట తెల్లవారియందు నూటికి 3.6, నల్లజాతీయులయందు 11.7 పాళ్లుగ తేలినది. 1990 నాటికే వైద్యపత్రికల కెక్కిన యీ లోపమును మూడు దశాబ్దములు ఉపేక్షించుట, నా దృష్టిలో, క్షమింపరానిది. ఇంట కొలుచుకొనువారు ఒక్క అంకెను గాక, అది దినదినము దిగుచున్న తీరును, ఆయాసమును గమనింపవలెను. సందేహమున్నచో ధమనీరక్తపరీక్షయే ప్రమాణము.